పళ్ళు కొరికిన ఎమోజీ

ఆ రోజు పొద్దున పాపాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవగానే అక్క దగ్గర్నుంచి ఫోన్లో ఒక నవ్వు ముఖం వస్తుంది. తనూ ఒక నవ్వు ముఖం పంపుతుంది. రోజూ అయితే అంతటితో సరి. ఈ రోజు మాత్రం దాని వెనకాలే ఒక కన్ను బొమ్మ, ఒక ఆసుపత్రి బొమ్మ, జోడించిన చేతుల బొమ్మ పంపాలి. శుక్రవారం నాకు కంటి ఆపరేషన్, నువ్వొచ్చి పక్కన ఉండవూ అని దానర్థం. ఈ మాత్రం దానికి బొమ్మలెందుకు, ఫోన్ చేసి అడిగితే పోలేదా అంటే, పోలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు.

పాపాయికి యాభై దాటాయి. వీధి గదిలో కుట్టుమిషను వేసుకుని పాత బట్టలకు కొత్త జిప్పులు వేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి కత్తిరించి మడత కుడుతుంది. అయినా ఇంటిల్లిపాదికీ ఆవిడ పాపాయే. ఆ ముద్దు పేరు పెట్టింది అక్క. అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. రిటైరయిన రోజునే వచ్చింది గొడవంతా. సన్మానానికి తొడుక్కోమని పాపాయి స్వయంగా కుట్టిచ్చిన కోటు, అక్క చెయ్యెత్తి అందరికీ వీడ్కోలు చెబుతుండగా చంక దగ్గర పర్రున చిరిగింది.

"నీకు కత్తెర పట్టుకోవడం ఎప్పటికొస్తుందే?" అంది అక్క, అందరి ముందూ.

"కొలతలిచ్చాక పది రోజుల్లో అంత ఒళ్ళు చేస్తే కత్తెరేం చేస్తుంది?" అంది పాపాయి, అదీ అందరి ముందే.

"ఇక నీతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు."

"నాకూ ఒట్టే."

రెండు వారాలు గడిచాక ఒక పొద్దున అక్క ఫోన్ నుంచి నవ్వు ముఖం ఒకటి వచ్చింది. పాపాయి మిషను ఆపి, చాలాసేపు ఆలోచించి తేల్చుకుంది. ఒట్టు పెట్టుకున్నది మాటల మీద. బొమ్మ మాట కాదు. బొమ్మకు బొమ్మ పంపితే ఒట్టు తప్పినట్టూ కాదు, ఓడిపోయినట్టూ కాదు. అప్పట్నుంచి వాన పడితే గొడుగు బొమ్మ, జలుబు చేస్తే ముక్కు తుడుచుకునే ముఖం, ఏమీ లేకపోతే ఉత్త నవ్వు. ఒక్క అక్షరమ్ముక్క లేదు. ఒక్క పూట నాగా కూడా లేదు.

ఈ మధ్య కళ్ళలో శుక్లాలు ముదిరి పాపాయికి ఆ ముఖాలన్నీ పసుపు మరకల్లా కనిపించసాగాయి. ఏది నవ్వో ఏది ఏడుపో అంతుపట్టక ముందు రోజు సాయంత్రం కూతురికి మొరపెట్టుకుంది. కూతురు ఫోన్ అందుకుని ఏవేవో నొక్కింది. "ఎమోజీల స్టైలే మార్చేశానమ్మా. ఇవి లావు గీతలు. కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి" అని ఒళ్ళో పడేసి, పొద్దున్నే ల్యాబు పరీక్షని మొదటి బస్సుకే హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

కొట్టొచ్చినట్టే కనిపించాయి.

అక్క పంపిన ముఖంలో పెదాలు వెడల్పుగా సాగి, పై పళ్ళూ కింది పళ్ళూ గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. పాపాయి ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. సందేహం లేదు. అక్క పళ్ళు కొరుకుతోంది.

"నేనేం చేశాను?" అనుకుంది. నిన్నటిది చూసింది. నిన్నా పళ్ళు కొరికింది. మొన్నా కొరికింది. వేలితో పైకి తోస్తూ పోయింది. పోయిన నెల, పోయినేడాది, జ్వరమొచ్చిన రోజు, తన పుట్టినరోజు, ఏ పొద్దుటి పలకరింపు చూసినా అదే ముఖం, అవే పళ్ళు.

పాపాయి మంచం అంచున కూలబడింది. మూడేళ్ళుగా అక్క నవ్వుతోందనుకుంది. అది శుక్లాలు చూపించిన నవ్వన్నమాట. చూపు అప్పట్నుంచే మసకైందో ఏమో, తనే దాన్ని నవ్వనుకుని, రోజూ పొద్దున్నే ఇంత సంబరపడి, దాన్ని చూసుకుని మరీ మిషను తొక్కింది.

"ఏమండీ, ఒకసారిలా రండి. ఇది నవ్వా, కోపమా?"

మొగుడు పోస్టాఫీసులో గుమస్తా. బూట్లకు పాలిష్ పెడుతున్నవాడు ఆ బ్రష్షుతోనే వచ్చి చూశాడు. ఆయనది నొక్కుడు బటన్ల ఫోను, ఈ బొమ్మలతో పరిచయం తక్కువ. "కోపమే. మా పోస్టుమాస్టరు ఇలాగే పెడతాడు ముఖం" అన్నాడు.

"మూడేళ్ళుగా ఇలాగే పెడుతోందండీ!"

"వదినగారు పట్టుదల మనిషి" అని ఆయన మళ్ళీ బూట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

పాపాయికి ముందు ఏడుపొచ్చింది. తర్వాత రోషమొచ్చింది. ఇలాంటి మనిషినా పక్కన కూర్చోమని చేతులు జోడించబోయింది! కన్ను బొమ్మా లేదు, ఆసుపత్రి బొమ్మా లేదు. ఫోన్లో ముఖాలన్నీ వెతికి, ఒక కనుబొమ పైకి లేపి, మూతి ఓ పక్కకు తిప్పుకున్నదాన్ని ఏరి పంపింది. నీ కోపం నాకో లెక్కా అని భావం.

జవాబు చప్పున వచ్చింది. వరసగా మూడు ప్రశ్నార్థకాలు. ఆ వెంటనే మళ్ళీ ఆ పళ్ళ ముఖం, దాని పక్కన పైకెత్తిన రెండు చేతులు.

"చూశారా! పళ్ళు కొరికి, రెండు చేతులూ ఎత్తింది. కొడతానంటోంది!"

"ఊళ్ళో ఆ చివర్నుంచి ఈ చివరికి ఎలా కొడుతుందోయ్?" అన్నాడు మొగుడు, లేసు కట్టుకుంటూ.

పాపాయి తగ్గలేదు. కళ్ళు పైకి తిప్పి విసుక్కుంటున్న ముఖం ఒకటి చూసి పంపింది. చాల్చాల్లే, నీలాంటివాళ్ళని చాలామందిని చూశాన్లే అని దానికి తను చెప్పుకున్న అర్థం. ఈసారి జవాబు ఇంకా చప్పున వచ్చింది. అక్క అంబులెన్సు బొమ్మ పంపింది.

"ఆసుపత్రి పాలు చేస్తుందట నన్ను!"

మాట ఇంకా నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. మూడేళ్ళలో మొదటిసారి తెర మీద అక్క ఫోటో. పాపాయి నిప్పు తగిలినట్టు ఫోన్‌ని గుడ్డ పీలికల బుట్టలో పడేసి, పైన ఇంకో రెండు తానులు కప్పింది. "తిట్టడానికని ఒట్టు కూడా తీసి గట్టున పెట్టింది, చూడండి. ఎత్తనంటే ఎత్తను." బుట్టలోంచి ఫోన్ మూలుగుతూనే ఉంది. అది ఆగి మొగుడి ఫోన్ అందుకుంది.

"నన్నిమ్మంటే మాత్రం నేను లేను" అంది పాపాయి వేలు చూపిస్తూ.

గుమస్తాగారికి అబద్ధాలు చేతకావు, నిజాలకు ధైర్యం చాలదు. భార్య వేలు వంక చూస్తూనే ఫోన్ ఎత్తి, రెండిటికీ మధ్య ఒకటి వెతుక్కుని, "వదినగారూ... అదీ... పాపాయి ఇప్పుడు మాట్లాడే పరిస్థితిలో లేదండీ" అన్నాడు. అవతల ఏదో పెద్దగా వినబడి ఫోన్ కట్టయింది.

"ఏమంది?"

"అసలు విన్లేదు. కదల్చొద్దు, పడుకోబెట్టు అంది. ఎవర్ని పడుకోబెట్టాలో చెప్పలేదు."

అయోమయంలో ఆయన కాసేపు తనే సోఫాలో పడుకున్నాడు.

వీధి మొదట్లో కుయ్ కుయ్ మని మోత వినిపించేసరికి పాపాయి కిటికీకి అతుక్కుపోయింది. మసకలోనే తెల్లటి వ్యాను, అందులోంచి దూకిన ఇద్దరు లావుపాటి మనుషులు, వాళ్ళ చేతుల్లో పొడుగాటి కర్రలు కనిపించాయి. వాళ్ళ ముందు చేతులూపుకుంటూ, జుట్టు విరబోసుకుని అక్క.

"అన్నంత పనీ చేసింది! మనుషుల్ని తెచ్చింది!" అని పాపాయి పడగ్గదిలోకి పరుగెత్తి గడియ వేసుకుంది. ఎదురింటివాళ్ళు, పై అంతస్తువాళ్ళు మెట్ల మీదికి చేరారు. మొగుడు తలుపు తీసేసరికి ఆ ఇద్దరూ స్ట్రెచరు నేల మీద పరిచి, "పేషెంటు మీరేనాండీ?" అని ఆయన్నే భుజాలు పట్టుకోబోయారు. సోఫాలోంచి లేచొచ్చిన ముఖం కదా, అనుమానం సహజమే.

అక్క అప్పటికే పడగ్గది తలుపు బాదుతోంది. "పాపాయీ! తలుపు తియ్యవే! గడియందుతోందా? కుడిచెయ్యి లేస్తోందా? నా తల్లివి కదూ, పాక్కుంటూనైనా వచ్చి తియ్యవే!"

"నేనెందుకు పాకుతాను? కర్రలతో మనుషుల్నేసుకుని వస్తే భయపడతాననుకున్నావా?"

తలుపు అవతల చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ అను" అంది అక్క, గొంతు మార్చి.

"ఏమిటి అనేది?"

"ఏదో ఒకటి అను. మాట ముద్దగా రావట్లేదేం?"

"నా మాట నీకెప్పుడు ముద్దొచ్చింది గనక!"

"స్పష్టంగానే ఉంది" అని అక్క ఎవరితోనో అంది. "గడియ తీసి ఒక్కసారి నవ్వవే. నవ్వి, రెండు చేతులూ పైకెత్తి చూపించు. చాలు. అంతకన్నా ఏమీ అడగను."

నవ్వమంటోంది, చేతులెత్తమంటోంది. పాపాయికి ఏమీ అర్థం కాలేదు గానీ ఆ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చిన గొంతు అది. మెల్లిగా గడియ తీసింది. నవ్వు రాలేదు గానీ చేతులు మాత్రం ఎత్తింది. అక్క ఆ రెండు చేతులూ పట్టుకుని చూసి, బుగ్గలు రెండూ నొక్కి చూసి, కనురెప్పలు లాగి చూసి, ఏ పక్కా వంకర లేదని నమ్మకం కుదిరాక మంచం మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఎవరిదో మగవాళ్ళ చెప్పు.

"మూతి పక్కకు పోయిన ముఖం పంపావు. ఒక కన్ను సగం మూసుకుపోయింది. పక్షవాతం ఎలా మొదలవుతుందో నాకు తెలీదుటే? నవ్వి చూడు, చేతులెత్తి చూడు అని బొమ్మల్లో అడిగితే, కళ్ళు తేలేసి పంపావు! ఫోనెత్తవు. మీ ఆయనేమో మాట్లాడే పరిస్థితిలో లేదంటాడు. నేనేం చావను?"

"కళ్ళు తేలెయ్యడం కాదది, విసుక్కోవడం. నువ్వు పళ్ళు కొరికావుగా మరి?"

"నేనా? ఎప్పుడు?"

"ఎప్పుడేమిటి, మూడేళ్ళ నుంచీ!"

బుట్టలోంచి ఫోన్ తవ్వి తీసింది. అక్క తన ఫోన్ తీసి పక్కన పెట్టింది. రెండిటిలోనూ అదే రోజు, అదే వేళ, ఒకే బొమ్మ. ఒక ఫోన్లో బిగుసుకున్న పళ్ళు. రెండో ఫోన్లో కళ్ళు చిన్నవి చేసుకుని, బుగ్గలు పొంగించి, నోరారా నవ్వుతున్న ముఖం. కింద తను పంపిన మూతి తిప్పుడు ముఖం అక్క ఫోన్లో నిజంగానే మంచాన పడినట్టుంది.

"నిన్న పిల్ల ఏదో స్టైలు మార్చింది" అంది పాపాయి మెల్లిగా. "అంటే బొమ్మ అదే, గీత మారిందన్నమాట. నీకు నవ్వు, నాకు పళ్ళు." ఇంకాసేపు అక్క ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని చూస్తూ ఉండిపోయింది. "అక్కా, ఇది నవ్వేనా? నిజంగా? నాకు సరిగా ఆనట్లేదు, నువ్వు చెప్పు."

"నవ్వేనే, పిచ్చిమొహమా. అది పంపి, నీ జవాబొచ్చేదాకా టీ కూడా తాగను రోజూ. అదేంటి, ఫోన్ అంత దగ్గరగా పెట్టుకుంటున్నావు? ఇటు తిరుగు. వెలుతురులోకి తిరుగు. ఓరి దేవుడా, ఎంత ముదిరిందే ఈ శుక్లం! ఎన్నాళ్ళయింది? ఎవరికి చూపించావు? ఆపరేషన్ ఎప్పుడు?"

"శుక్రవారం. నువ్వు పక్కన ఉంటావేమోనని అడుగుదామనుకున్నాను, పొద్దున."

అక్క లేచి గుమ్మం దగ్గర నిలబడ్డ అంబులెన్సు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. "తప్పు నాదే నాయనా. మీరు వెళ్ళండి, అవతల నిజంగా అవసరమున్నవాళ్ళు చూస్తుంటారు" అని పంపించింది. ఆ పైన మెట్ల మీద జనాన్ని కూడా అదే గొంతుతో పంపించింది. తిరిగొచ్చి, "నా బట్టలు తెప్పించుకోవాలి. శుక్రవారం దాకా నేనిక్కడే" అంది మరిదితో. ఆయన రెండో బూటు లేసు కట్టుకుంటూ తలూపాడు. ఊపక చేసేదేమీ లేదు.

శుక్రవారం పాపాయి, అక్క పనిచేసిన ఆ పెద్దాసుపత్రిలోనే, ఆపరేషన్ బల్ల మీద పడుకుంది. ముఖం నిండా గుడ్డ కప్పి, ఒక్క కన్ను దగ్గర మాత్రం వదిలారు. తలుపు అవతల్నుంచి అక్క గొంతు కంగున వినిపిస్తూనే ఉంది. "చుక్కలు ఏ కంటికేశావమ్మా? మళ్ళీ చెప్పు. దానికి చిన్నప్పట్నుంచీ చల్లగాలి పడదు, ఆ ఏసీ కాస్త తగ్గించమను. నేను లోపలికి రాకూడదని ఎవరన్నారు? ఆ రూలు రాసింది మా వార్డులోనే!"

"నవ్వకండమ్మా, కన్ను కదులుతుంది" అన్నాడు డాక్టరు.

"నేను ఆపుకుంటానండీ" అంది పాపాయి గుడ్డ కిందనుంచి. "ఆవిణ్ణి మాత్రం ఆపకండి."

ఆపరేషన్ ఇట్టే అయిపోయింది. అక్క డాక్టరుకి చెప్పాల్సినవి మాత్రం ఆయన భోజనానికి లేచే వేళకి కూడా అవలేదు.