మంచం మీది సేద్యం

మనిషికొచ్చిన జబ్బు ఆ మనిషి సొంత ఆస్తి అని పట్నం చట్టాల్లో ఎక్కడైనా రాసి ఉంటే ఉండవచ్చు గాని, కోయిలకుంట్ల తాలూకా పెసరదిన్నెలో మాత్రం జబ్బనేది ఊరి ఉమ్మడి ఆస్తి. అది వచ్చేవరకే రోగికి దాని మీద హక్కు. వచ్చాక దాని ఆలనాపాలనా, పథ్యం, పెత్తనం అన్నీ ఊరివే. నొప్పిని మాత్రం, ఎందుకో ఏమో, రోగికే వదిలేశారు.

ఈ ఏర్పాటు ఎంత పకడ్బందీగా నడుస్తుందో చిన్నోబులేసుకు ఆపరేషన్ అయ్యాకే తెలిసింది. చిన్నోబులేసు (ఊళ్ళో పెద్దోబులేసు ఎవరూ లేరు, ముందుజాగ్రత్తగా పెట్టిన పేరు) పది ఎకరాల నల్లరేగడిని సొంతంగా దున్నుకునే రైతు. వేసవిలో బండికి ఎరువు ఎత్తుతుంటే పొత్తికడుపులో పేగు జారింది. కర్నూలు అప్పట్లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కచేరీలు సగం డేరాల్లో నడుస్తున్నా రాజధాని రాజధానే కదా! అక్కడ ఒక డాక్టరు కడుపు కోసి, పేగును దాని చోటికి తోసి, కుట్టి, కుట్లు విప్పి ఇంటికి పంపుతూ గట్టిగా చెప్పాడు. "మూడు నెలలు బరువు ముట్టకూడదు. నాగలి వద్దు, విత్తనమేసే గొర్రు వద్దు. తిని పడుకో."

పుట్టి బుద్ధెరిగాక ఓబులేసును పడుకోమని ఒకరు చెప్పడం అదే మొదలు. అతనికి కొంచెం సిగ్గేసింది.

ఇంటికి చేరిన పూటే పరామర్శ మొదలైంది. దీనికి వేళలున్నాయి. కోడి కూసింది మొదలు దీపం పెట్టేదాకా. నియమాలూ ఉన్నాయి. అడిగిన ప్రతివాడికీ కోత మచ్చ చూపించాలి. రాజధానిలో కోయించుకున్న కడుపు ఆ చుట్టుపక్కల మరొకటి లేదు గనుక, చూపించనంటే పొగరు కింద జమ. వచ్చినవాడు కూడా ఊరికే పోకూడదు. అచ్చం ఇదే ఆపరేషన్ చేయించుకుని పోయినవాడి కథ ఒకటి చెప్పి మరీ పోవాలి.

"మా తోడల్లునికి గూడా ఇట్లే కోసినారప్పా," అన్నాడు దాసన్న. ఇతనికి పరామర్శలో తాలూకా అంతటా మంచి పేరు. "బాగా లేసినాడు, తిరిగినాడు, సంగటి తిన్యాడు. ఒగరోజు తుమ్మినాడు. అంతే."

"అంతే అంటే?" అన్నాడు ఓబులేసు.

"అంతేనప్పా," అని దాసన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ తరువాత ఓబులేసు ముక్కు పట్టుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. అతని భార్య లక్ష్మీదేవమ్మ మాత్రం బెల్లం కాఫీ కాచి కాచి, పొయ్యి దగ్గర నుంచి లేవడం మరిచిపోయింది.

అంతలో వాన పడింది. పడటమంటే పడటం కాదు, రాత్రంతా కుమ్మేసింది. రేగడి నేలకు వాన కన్నా ఆ తరువాత వచ్చే పదును ముఖ్యం. కాలు దిగబడనంతగా ఆరాలి, గింజ మొలవనంతగా ఆరకూడదు. ఆ సందు రెండు మూడు రోజులు. అందులో విత్తితే ఏడాదంతా ఇంట్లో కొర్రబువ్వ ఉడుకుతుంది. సందు దాటితే పొయ్యి చల్లగా ఉంటుంది. తడిసిన నేల వాసన కిటికీలోంచి వస్తుంటే మంచం మీద ఓబులేసుకు ఏడుపొచ్చింది. కోసినప్పుడు కూడా అంత బాధ పడలేదు.

లక్ష్మీదేవమ్మ ఇల్లిల్లూ తిరిగింది. గొర్రు పట్టగల మగవాడు ఒక్కడూ ఖాళీగా లేడు. పదును అందరికీ ఒక్కసారే వస్తుంది మరి. తమ చేలో ఉన్నవాళ్ళు తమ చేలో, జీతానికి ఉన్నవాళ్ళు రెడ్ల చేలల్లో. ఊళ్ళో చేతులు ఖాళీగా ఉన్న మగవాళ్ళంటే జీతగాళ్ళను పెట్టుకున్న పెద్దమనుషులే. వాళ్ళంతా ఓబులేసు మంచం చుట్టూ కూచుని ఉన్నారు.

"మామా, పదును పోతాండాది. ఒగ మనిషినియ్యి," అంది లక్ష్మీదేవమ్మ మునసబు కంబిరెడ్డితో.

"పదును పోతే మల్లొస్తాది. మొగుని పేగు పోతే వస్తాదామ్మా?" అన్నాడు కంబిరెడ్డి దయగా. "ముందు రోగిని చూసుకో. ఇంగో గలాసు కాఫీ పొయ్యి."

ఆమె గ్లాసు నింపింది. నింపి, చెంబు కింద పెట్టి అంది. "అయితే గొర్రు నేనే పడతా. మా నాయన చేన్లో పట్టినా. మా పొరుగింటి లాల్ బీ గింజలు పోస్తాది."

పరామర్శ ఆగిపోయింది. ఇక్కడ తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఆడది గొర్రు వెనక నడుస్తూ గింజలు పోయవచ్చు, కలుపు తీయవచ్చు, కోయవచ్చు, నూర్చవచ్చు, మోయవచ్చు. గొర్రు పిడిని, అంటే మేడిని మాత్రం పట్టకూడదు. పడితే ఆ ఏడు వాన వెనక్కి పోతుంది. (వానకు ఈ కబురు మోసుకుపోయే ఉద్యోగి ఎవరో ఇంతవరకు బయటపడలేదు.) అంతకుముందు పదేళ్ళలో చాలా ఏళ్ళు వాన వెనక్కే పోయింది. ఆ ఏళ్ళన్నిటా మేడి పట్టింది మగవాళ్ళే. దీని మీద విచారణ ఏదీ జరగలేదు.

"నాకేం అడ్డం లేదు మామా. పట్టనీ," అన్నాడు మంచం మీది నుంచి ఓబులేసు.

"నువ్వు రోగివి. నీకు మాట లేదు," అన్నాడు కంబిరెడ్డి.

కరణం వెంకోబరావుకు కబురు పోయింది. ఊళ్ళో ఆచారానికీ సర్కారుకూ తగాదా వస్తే రెంటికీ నొప్పి కలగకుండా తీర్పు చెప్పగలవాడు ఆయనే. వచ్చి, సంగతి విని, ముక్కుపొడి పీల్చి, కాసేపు దూలం వంక చూశాడు.

"మేడికి మగవాడి చెయ్యి ఉండవలెనన్నారు గాని, మగవాడి బలం ఉండవలెనని ఎవరన్నారు?" అన్నాడు. "ఓబులేసును మంచంతో సహా చేనికి తీసుకుపొండి. మేడికి ఒక తాడు కట్టండి. ఆ కొస అతని చేతిలో పెట్టండి. ఆచారం ప్రకారం గొర్రు పట్టినవాడు ఓబులేసు. వైద్యం ప్రకారం అతడు పడుకునే ఉన్నాడు. ఆమె సంగతంటారా? జారకుండా అట్లా ఆనుకుని ఉంటుంది, అంతే."

ఆహా! అందరూ ఆయన బుర్రకు దండం పెట్టారు. లక్ష్మీదేవమ్మ మాత్రం ఎద్దులు విప్పడానికి పోయింది.

మరుసటి పొద్దున తీర్పు అమలైంది. లక్ష్మీదేవమ్మ గొర్రు తోలింది. లాల్ బీ పక్కన నడుస్తూ గొర్రు మీది గిన్నెలో, జడ్డిగంలో గింజలు పోసింది. మంచం చేను గట్టు మీద, తాడు ఓబులేసు చేతిలో. సాలు పొడుగు మూడు వందల గజాలు, తాడు పొడుగు పది గజాలు. ఈ తేడాను కరణం ముందుగా ఊహించలేదు. అందువల్ల గొర్రుతో పాటు మంచం కూడా నడవాలని సవరణ వచ్చింది. నలుగురు పెద్దమనుషులు పంచెలు ఎగగట్టి, మంచం కోళ్ళు భుజానికెత్తుకుని, గొర్రు వెనక సాలు పొడుగునా పోయి, సాలు పొడుగునా తిరిగి రావడం మొదలుపెట్టారు. ముందు కోడు సాక్షాత్తూ మునసబు గారిదే. తాడు వదులు కాకుండా చూడటానికి దాసన్నను వేశారు. కరణం గొడుగు కింద నిలబడి సందేహాలు తీర్చాడు.

సందేహాలు చాలానే వచ్చాయి. మలుపు దగ్గర తాడు వదులైనప్పుడు పడిన గింజలు చెల్లుతాయా? (చెల్లుతాయి, అయితే ఆ సాలు కొస వరకు ఓబులేసు రెండు చేతులతో పట్టుకోవాలి.) ఎండకు ఓబులేసు కునికితే? నిద్రపోయే మగవాడు మగవాడి కింద లెక్కకు వస్తాడా? కరణం బాగా ఆలోచించి వస్తాడన్నాడు. ఈ తీర్పుతో ఊళ్ళో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

రెండో మలుపు దగ్గర లక్ష్మీదేవమ్మ ఎద్దులను నిలిపింది. "మామా, మంచం మోసే నలుగురిలో ఒగరు ఈ మేడి పట్టుకుంటే, నా మొగుడు ఇంటికాడ సుఖంగా పండుకుంటాడు కదా?"

కంబిరెడ్డి ముఖం ఎర్రబడింది.

"ఏమ్మా! రోగిని మోస్తే పుణ్యం. ఒగరి గొర్రు పడితే కూలి. మమ్మల్ని కూలోళ్ళను జేస్తావా?"

"తప్పైపాయ మామా," అని ఆమె ఎద్దులను అదిలించింది.

"అక్కా, ఎనక్కి చూడొద్దు," అంది లాల్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నాకు నవ్వొస్తే గింజలన్నీ ఒగే కాడ పడతాయి."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దారిన పోయే బాటసారి ఒకడు నలుగురి భుజాల మీద మంచం చూసి, చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చేతులు జోడించాడు. "అయ్యో! ఎవరు పోయినారప్పా?"

ఓబులేసు మంచం మీద తల ఎత్తాడు. "ఎవరూ పోలేదు. విత్తనమేస్తాండాం."

బాటసారి చెప్పులు చేత్తో పట్టుకునే పరుగెత్తాడని తరువాత తెలిసింది.

మంచం కుదుపుకు ఓబులేసుకు కోత దగ్గర భగ్గుమంటోంది. గొర్రు పట్టవద్దన్న డాక్టరు నడిచే మంచం ఎక్కవద్దని చెప్పలేదు, పాపం. అయినా ఓబులేసు చూపంతా భార్య వీపు మీదే. రవిక చెమటకు తడిసి అంటుకుపోయింది. ఎద్దులు పక్కకు లాగితే ఒంటి బరువంతా మేడి మీద వేసి సాలు చక్కబరుస్తోంది. తన సాళ్ళకన్నా ఆమె సాళ్ళే నేరుగా ఉన్నాయని అతనికి కనబడింది. గర్వమేసింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది.

"లచ్చుమిదేవీ, చేతులు నొస్తాండాయా?" అన్నాడు తాడు కొస నుంచి.

"నువ్వు పండుకో. నీ పని అదే," అంది ఆమె వెనక్కి తిరగకుండా.

పదును ఆరకముందే పది ఎకరాలూ పడ్డాయి. ఆమె అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. మంచం మోసినవాళ్ళ భుజాలు కూడా వాచాయి. వాళ్ళకు ఊరు ఊరంతా ఆముదం రాసింది.

కొర్ర ఒత్తుగా మొలిచింది. వానలు కూడా వేళకు వచ్చాయి. దాంతో కథ ఊరు దాటి, దాటేకొద్దీ కురచదై, తాలూకా పొలిమేరలకు చేరేసరికి ఒక్క ముక్కే మిగిలింది. పెసరదిన్నెలో ఒక మగధీరుడు కోసిన కడుపుతో పది ఎకరాలు విత్తాడట! మంచం మధ్యలో ఎక్కడో జారిపోయింది. లక్ష్మీదేవమ్మ అంతకన్నా ముందే జారిపోయింది.

ఫిర్కా సేద్య ప్రోత్సాహక అధికారి అనే ఆయన జీపులో వచ్చి ఓబులేసుకు దండ వేసి, తువ్వాలు కప్పాడు. ఓబులేసు లేచి, "సార్, విత్తింది నేను గాదు," అనబోయాడు. అనేలోపల చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక చెప్పవచ్చు గదా! చెప్పలేదు. మెడలో దండ చల్లగా, హాయిగా ఉంది. ఆ సభలో లక్ష్మీదేవమ్మ పేరు కూడా వచ్చింది, వచ్చినవాళ్ళందరికీ కాఫీ బాగా కాచిందని.

ఆ రాత్రి ఓబులేసు అన్నం ముందు కూచుని, "నేను చెప్పల్లనుకున్యా," అన్నాడు.

"నాకు దండెందుకు," అంది ఆమె, ఇంకా మానని చేతులకు వెన్న రాసుకుంటూ. "పంట కోతకైనా నువ్వు లేసి రా. అంతే సాలు నాకు. నా నడుం పడిపోయింది, ఇంగ నాకు చేత గాదు." ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఓబులేసు ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. ఈసారి తప్పకుండా తానే కోస్తానని మనసులో ఒట్టేసుకున్నాడు.

మూడు నెలలు నిండి, కొర్ర వెన్ను పండి వంగింది. కర్నూలులో డాక్టరుకు చూపించడానికి బస్సెక్కారు. జబ్బు ఊరి ఆస్తి గనుక కంబిరెడ్డి కూడా ఎక్కాడు. లక్ష్మీదేవమ్మ గది గుమ్మం దగ్గర నిలబడింది.

డాక్టరు కడుపు నొక్కాడు, దగ్గించాడు, మళ్ళీ నొక్కాడు. ముఖం వికసించింది. "భేష్! చక్కగా మానింది. చెప్పినట్లు పడుకున్నావన్నమాట. రేపటి నుంచి పనికి పోవచ్చు."

లక్ష్మీదేవమ్మ గుమ్మాన్ని పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"పండుకునేదా?" అన్నాడు కంబిరెడ్డి, ఊరి పరువు పోతుందేమోనని. "ఏం మాట సార్! ఈ కడుపుతోనే పది ఎకరాలు గొర్రు పట్టినాడు మా ఓబులేసు. దండ గూడా ఏసినారు."

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. "నిజమేనా? గొర్రు పట్టింది నువ్వేనా?"

ఓబులేసు గుమ్మం వైపు చూశాడు. భార్య అతన్నే చూస్తోంది. రెండు మాటలు చాలు. నోటిదాకా వచ్చాయి కూడా. కంబిరెడ్డి చెయ్యి భుజం మీద పడింది, దండ పడినట్లే.

"నేనే సార్," అన్నాడు ఓబులేసు.

డాక్టరు మండిపడ్డాడు. పైకి మానినట్లున్నా లోపల ఏం తెగిందో దేవుడికి తెలియాలన్నాడు. మొండిఘటాలు, చెబితే వినరన్నాడు. ఇంకో మూడు నెలలు పుల్ల కూడా ముట్టకూడదని, ఈసారైనా మంచం దిగవద్దని కేకలేసి పంపాడు.

తెల్లవారి లక్ష్మీదేవమ్మ కొడవలి నూరుకుని చేనికి పోయింది. ఆడది కొడవలి పట్టడం మీద ఆచారానికి ఏ అభ్యంతరమూ లేదు గనుక, ఈసారి మంచం మోయడానికి ఎవరూ రానవసరం లేకపోయింది.