మంత్రిగారు కనబడే పొగ

"ప్రయోగశాలలో పుట్టిన ప్రతి వస్తువూ ఇకమీదట ఆరు నెలల్లో జనం చేతిలో ఉండాలె!" అని సాంకేతిక శాఖామాత్యులు పరబ్రహ్మంగారు 1991 జూన్ మొదట్లో జూబ్లీహిల్స్‌లో ఒక సినిమా శతదినోత్సవంలో ప్రకటించారు. ఆ సినిమాకూ ప్రయోగశాలకూ సంబంధం లేదు. మైకు దొరికిన చోటల్లా రాష్ట్రాన్ని ముందుకు నడపడం ఆయనకు అలవాటు. మర్నాడే మా యూనివర్సిటీలో పరిశోధన–పరిశ్రమల సంధాన విభాగం వెలిసింది. కన్వీనర్ని నేను. నేను పరిశోధన మానేసి పద్నాలుగేళ్లయింది, పరిశ్రమ అనేదాన్ని దగ్గర్నుంచి చూసిందీ లేదు. కాబట్టి ఇరుపక్షాలకూ సమన్యాయం చేయగలనని వైస్ ఛాన్సలర్‌గారి నమ్మకం.

మొదటి వారంలోనే కెమిస్ట్రీ లెక్చరర్ కౌసల్య ఒక యంత్రం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఏదో ద్రవం పోసి స్విచ్ వేస్తే గదంతా తెల్లటి పొగ. దగ్గు రాలేదు, కళ్లు మండలేదు.

"సినిమా పాటలకి సార్. ఇప్పుడు బొగ్గుల మీద సాంబ్రాణీ కిరోసినూ పోసి పొగ పెడుతున్నారు. మా అక్క నాగేశ్వరి గ్రూప్ డ్యాన్సరు. ఇరవయ్యేళ్లు ఆ పొగలో ఆడి నన్ను చదివించింది. ఇంకొక్క పాట అందులో చేస్తే ఊపిరితిత్తులు మిగలవన్నారు డాక్టరుగారు. దసరా వెళ్లగానే పెద్ద పాట ఉంది."

"మానెయ్యమనలేకపోయావా అమ్మా?"

"ఒకసారి మానేస్తే మళ్లీ పిలవరు సార్."

నాకు నిజంగానే జాలేసింది. వెంటనే ఫైలు తెరిచాను.

ఆ పాట తీయబోయే నిర్మాత వీరరాఘవయ్యగారు కౌసల్య నడిపి చూపించిన యంత్రం చూసి ముచ్చటపడ్డారు. "పది ఇప్పించండి, రేపే పట్టుకెళతాను."

"అంత తొందరైతే ఎలాగండీ? మా దగ్గర కొనడానికి రూల్స్ ఉన్నాయి, అమ్మడానికి లేవు. అందుకని కొనే రూల్సే వాడుతున్నాం. ఇలాంటిది తయారుచేసే మరో ఇద్దరి దగ్గర కొటేషన్లు పట్టుకురండి."

"ఇంకెవరూ చెయ్యట్లేదు కదండీ, కొత్తది!"

"అయితే ఎవరూ చెయ్యట్లేదని నిపుణుల సర్టిఫికెట్ కావాలి."

"ఆ నిపుణురాలు ఈవిడే కదా?"

"ఆవిడ సంతకం చెల్లదు. తయారుచేసింది ఆవిడే."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మా సినిమాల్లో కూడా ఇంత స్క్రీన్‌ప్లే ఉండదండీ" అన్నారు. మెచ్చుకోలు కింద తీసుకున్నాను.

ఆగస్టులో మంత్రిగారే అడ్డంకులన్నీ తొలగించి, ముహూర్తం పెట్టమన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్ తీసుకుని అచ్చం సినిమాకి చేసినట్టే చేశాం. దేవుడి పటాలు, కొబ్బరికాయ, కెమెరాలు, పత్రికలవాళ్లు. మంత్రిగారు క్లాప్ కొట్టారు, నేను స్విచ్ వేశాను. పొగ దివ్యంగా వచ్చింది. నాగేశ్వరి ఆ పొగ మధ్యలో నిలబడి గుండెలనిండా గాలి పీల్చుకుని, "కౌసీ, మంట లేదే!" అని ఏడ్చేసింది.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. తెల్లటి మబ్బు, అందులోంచి ఒక చెయ్యి, చేతిలో క్లాప్ బోర్డు. తెల్లారకముందే ఫోన్ మోగింది.

"ఏందయ్యా గిది? నేనేడున్న?"

"ఎడమనుంచి రెండో పొగ సార్."

"పొగ ఉండాలె, నేను గూడ కనబడాలె. గట్ల చేయించు!"

యంత్రాన్ని వెనక్కి తెప్పించి ఏడుగురితో కమిటీ వేశాను. పెద్దల ముఖాలు మూయని పొగ కావాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

"ముఖాలు కనబడితే అది పొగెలా అవుతుంది సార్?" అంది కౌసల్య.

"పరిశోధన అంటే అదే కదమ్మా!"

దసరా వారంలో మళ్లీ వచ్చింది. ఆ ఒక్క పాటకీ యంత్రం ఇమ్మని చేతులు జోడించింది. పరిశీలనలో ఉన్న వస్తువు గేటు దాటకూడదని రూలు. అది రాసింది నేనే కనుక తెలియదనలేకపోయాను. వీరరాఘవయ్యగారు ఎదురుచూసి చూసి, పాత పొగతోనే పాట కానిచ్చేశారు.

నవంబరు చివర్లో కమిటీ మార్గం కనిపెట్టింది. కౌసల్య తయారుచేసిన ద్రవం పోయకుండా స్విచ్ వేస్తే ముఖాలు చక్కగా కనబడుతున్నాయి. ఫ్యాన్ తిరుగుతోంది, ఎర్ర బల్బు కూడా వెలుగుతోంది. ఆరు నెలల గడువుకి రెండు రోజుల ముందే ఆమోదించాం.

డిసెంబరులో ఆ యంత్రానికి ఉత్తమ ఆవిష్కరణ పురస్కారం వచ్చింది. మంత్రిగారు స్విచ్ వేశారు, సభంతా చప్పట్లు. కౌసల్య మాత్రం రాలేదు. ఛాతీ ఆసుపత్రిలో అక్క మంచం దగ్గర ఉందనీ, కదలడానికి లేదనీ కబురు చేసింది. ఇంతలో ఫోటోగ్రాఫర్, "కుర్చీ ఖాళీగా ఉంటే ఫోటో బాగోదు సార్" అన్నాడు.

ఆవిడ శాలువా నేనే కప్పుకుని కూర్చున్నాను. పేపర్లో అందరం స్పష్టంగా పడ్డాం.