పదిహేడో నంబరు స్లాటులో పాత ఆయిల్

మానవజాతి ఏ వస్తువునైనా సంపాదించుకోవడానికి వెయ్యి దారులు వేసుకుంది. వదిలించుకోవడానికి మాత్రం ఒకే ఒక్క దారి ఉంచి, దాని మొదట్లో ఒక కౌంటరు కట్టి, అందులో ఒక గుమాస్తాను కూర్చోబెట్టింది. ఈ మహాసత్యం తాళాలాయనకు ఒక శనివారం నాడు, నాలుగు లీటర్ల నల్లటి ఆయిల్ ద్వారా తెలిసివచ్చింది.

తాళాలాయన అంటే బజారు మలుపులో మారు తాళంచెవులు చేసే మనిషి. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాడు. (బడే ఆయన్ని మానేసిందని గిట్టనివాళ్ళంటారు.) పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తలుపులు తెరుస్తున్నవాడు గనక ఎవరినీ నమ్మడు. గ్యారేజీవాళ్ళనైతే అసలే నమ్మడు.

"బండి లోపలికి తీసుకెళ్తారు, షట్టరు దించుతారు, టీ తాగుతారు. బయటికి తెచ్చి ఆయిల్ మార్చేశాం అంటారు. ఎవడు చూశాడు?" అని అయిదేళ్ళుగా భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చీ ఇచ్చీ, చివరికి ఒక రోజు "ఈసారి నేనే మారుస్తా" అనేశాడు.

"మారిస్తే మళ్ళీ కదులుతుందా అది?" అంది భార్య.

"బోల్టు విప్పాలి, కారనివ్వాలి, బిగించాలి. దీనికి కాలేజీకెళ్ళి చదవాలా?"

"కిందటేడు గీజరు విప్పేటప్పుడూ ఇదే అన్నారు."

పక్క బ్లాకులో ఉండే బావమరిది మాత్రం, "నువ్వు కానివ్వు బావా, నేనున్నా" అని భరోసా ఇచ్చాడు. (ఉన్నాడు. మూడో అంతస్తు బాల్కనీలో, కాఫీ కప్పుతో ఉన్నాడు.)

శనివారం పొద్దున్నే, అపార్ట్‌మెంటు కింద తన పార్కింగ్ స్లాటులో కారు ముందు చక్రాలను ర్యాంపుల మీదికెక్కించి, పాత బనియను తొడుక్కుని, తాళాలాయన బండి కిందికి దూరాడు. ఇక్కడ అందరూ ఏదో ఘోరం ఆశిస్తారు. క్షమించాలి, పని చక్కగా జరిగింది. బోల్టు జారి నూనె బేసిన్‌లో పడటం, దానికోసం ఆయన మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతకడం, ఆ చేత్తోనే నుదురు తుడుచుకోవడం తప్ప చెప్పుకోదగ్గ ప్రమాదం లేదు. ఫిల్టరు విప్పాడు, కొత్తది బిగించాడు. తేనె రంగు కొత్త ఆయిల్ పోశాడు. స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క కారలేదు. ఏడో తరగతి తర్వాత ఆయన ఇంతగా పాసైన సందర్భం ఇంకొకటి లేదు.

పాత ఆయిల్‌ను మూతున్న డబ్బాలోకి వంపుతుండగా అసోసియేషన్ సెక్రటరీగారు వచ్చారు. ఆయన తూనికలు కొలతల శాఖలో రిటైరయ్యారు. (శాఖ ఆయన్ని వదిలేసింది గానీ ఆయన శాఖను వదల్లేదు.)

"ఏమండీ, ఏంటిది?"

"ఆయిల్ సార్. ఇందాకటిదాకా బండిలోనే ఉంది."

"ఇందాకటిదాకా అది బండి. ఇప్పుడు వ్యర్థం. పార్కింగ్ నిబంధన పద్నాలుగు, చిన్న అక్షరం 'బి': స్లాటులో వాహనం ఉండవచ్చును గానీ, వాహనంలోంచి బయటికొచ్చిన ఏ పదార్థమూ ఉండరాదు. సాయంత్రం ఆరింటికి తనిఖీకొస్తా. ఉంటే స్లాటు రద్దు."

ఆ పదిహేడో నంబరు స్లాటు కోసం తాళాలాయన తొమ్మిదేళ్ళు వరుసలో నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళూ బండిని వీధి చివర నిలిపి, ఎవరు ఎప్పుడు గీతలు గీస్తారోనని కిటికీలోంచి కాపలా కాశాడు. వరుసలో ఆయన తర్వాతి పేరు సెక్రటరీగారి అల్లుడిది. (యాదృచ్ఛికం.)

"ఇంట్లో పెట్టుకుంటా సార్."

"నిబంధన పదిహేను. ఫ్లాట్లలో మండే వ్యర్థాలు నిషేధం. కొత్త ఆయిలైతే సరుకు, ఎన్ని డబ్బాలైనా పెట్టుకోండి. పాతది వ్యర్థం."

కాలువలో పారబోద్దామంటే కాలువ మీద కెమెరా ఉంది. (లేకపోయినా పోసేవాడు కాదని ఆయన తర్వాత చాలామందితో చెప్పాడు.) చెత్తబండి అబ్బాయిలు తడి చెత్తా, పొడి చెత్తా అని రెండే పెట్టెలు చూపించి, ఆయిల్ ఈ రెంటిలో ఏదో పై ఆఫీసువాళ్ళు తేల్చాకే తీసుకుంటామన్నారు. ఫిల్టరును చూసి, పైన పొడిగా, లోపల తడిగా ఉన్నదాన్ని జన్మలో ముట్టుకోమన్నారు.

చివరికి డబ్బాను డిక్కీలో పెట్టుకుని మునిసిపాలిటీవారి ప్రమాదకర ద్రవాల స్వీకరణ కౌంటరుకు వెళ్ళాడు. గుమాస్తా డబ్బాను చూడలేదు. ఫారం చూశాడు.

"ఈ ఆయిల్ ఎక్కడిది?"

"నా బండిదే. అదిగో, గేటు బయటుంది."

"బండి ఉంది, బానే ఉంది. ఇది దాన్లోంచే వచ్చిందని బండొచ్చి సంతకం పెడుతుందా? గుర్తింపున్న గ్యారేజీ నుంచి ఉత్పత్తి ధ్రువపత్రం తెండి."

"నా చేతులు చూడండి బాబూ. నుదురు చూడండి."

గుమాస్తా చూశాడు. "చేతులకు కాలమ్ లేదండీ" అన్నాడు, నిజంగానే జాలిపడుతూ.

గ్యారేజీకి వెళ్ళక తప్పలేదు. అయిదేళ్ళుగా ఆయన భోజనాల దగ్గర తిట్టిన మెకానిక్కే షట్టరు కింద నిలబడి టీ తాగుతున్నాడు.

"మేం తీసిన ఆయిల్‌కే మేం కాగితమిస్తాం అన్నా. నువ్వు తీసినట్టు ఎవడు చూశాడు?"

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది తాళాలాయనకు. బండి వెనక్కి తిప్పాడు.

అయిదింటికి మళ్ళీ పదిహేడో నంబరు స్లాటు. డబ్బా మీద కూర్చుని, గోడకంటించిన నిబంధన పద్నాలుగు చిన్న అక్షరం 'బి'ని తాళం కప్పను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎనిమిదో తరగతిలో ఏ పాఠాన్నీ ఇంత శ్రద్ధగా చదవలేదు. వాహనంలోంచి బయటికొచ్చినది ఉండరాదు. అంటే? వాహనం లోపలున్నది ఉండవచ్చు.

ఈ దేశంలో పాత ఆయిల్ ఏ కాగితమూ లేకుండా కాపురముండగల చోటు ఒక్కటే. ఇంజిన్.

ఆయన మళ్ళీ బనియను తొడుక్కున్నాడు. కొత్త ఆయిల్‌ను జాగ్రత్తగా దింపి, అది వచ్చిన డబ్బాలోకే పోసి మూత బిగించాడు. ఊరంతా తిరిగొచ్చినా ఇంకా తేనె రంగే. సరుకే. కొత్త ఫిల్టరును తుడిచి దాని అట్టపెట్టెలోనే పెట్టాడు. పాత ఫిల్టరును బిగించి, నాలుగు లీటర్ల పాత ఆయిల్‌నూ గరాటుతో దాని సొంతింటికి పంపించాడు. ఈసారి బోల్టు బేసిన్‌లో పడలేదు. చెయ్యి తిరిగింది.

ఆరింటికి సెక్రటరీగారు టార్చిలైటుతో వచ్చారు. బండి కింద చూశారు, డిక్కీలో చూశారు, ఖాళీ డబ్బాను తలకిందులు చేసి చూశారు. కొత్త ఆయిల్ డబ్బా దగ్గర ఆగారు.

"ఇది?"

"సరుకు సార్."

ఒక నిట్టూర్పు విడిచి, రిజిస్టరులో 'స్లాటు నిర్మలం' అని రాసి సంతకం చేసి, అల్లుడికి ఫోన్ చేసుకుంటూ వెళ్ళిపోయారు.

అప్పుడు దిగాడు బావమరిది, బాల్కనీలోంచి.

"ఏదీ, స్టార్ట్ చెయ్యి బావా." బానెట్ మీద చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "అబ్బబ్బ! ఎంత మెత్తగా ఉందో! అక్కా, ఒకసారి ఇటొచ్చి విను. బావ చెయ్యి పడ్డాక సౌండే మారిపోయింది."

భార్య వచ్చి విన్నది. ఆవిడ ముఖంలో గీజరు మీద అలక కరిగిపోవడం తాళాలాయన కళ్ళారా చూశాడు.

"నిజమేరా. ఆ గ్యారేజీవాళ్ళు చేసినప్పుడు ఎప్పుడూ ఇలా లేదు" అంది.

తాళాలాయన మసి చేతులు బనియనుకు తుడుచుకున్నాడు.

"వాళ్ళసలు మారిస్తే కదా" అన్నాడు.