చిట్టెమ్మకు ఒంట్లో బాగలేదు

ఆ రోజు పొద్దున అమరనాథ్ అనుకున్నవి చిన్న పనులే. భార్య నేత్రను చింతామణి బస్టాండులో చిక్కబళ్లాపురం బస్సు ఎక్కించాలి, పక్కనే ఉన్న హోటల్లో ఇడ్లీలు తినాలి, వేళకు ఆఫీసుకు పోవాలి. నేత్ర హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమెకు ఆ రోజు జిల్లా కేంద్రంలో తరబేతి, అంటే టీచర్లకిచ్చే శిక్షణ, ఉంది. బస్సు కదలబోతుండగా ఆమె కిటికీలోంచి తల బయటపెట్టింది.

"చిట్టెమ్మకి నిన్నట్నుంచి బాగలేదు. ఒక మూల దాంకోనుండాది, మేత ముట్టలేదు. వేరే నీళ్లలోకి మార్చి రవ్వంత ఉప్పెయ్యి. తరబేతిలో ఫోన్లు ఆపి పెట్టమంటారు, సాయంత్రం దాకా నేను దొరకను."

చిట్టెమ్మ అంటే హాల్లోని గాజుతొట్టిలో ఉన్న నల్ల మాలీ చేప. ఆ తొట్టి వల్లే నేత్రకూ పాతపాళ్యలో ఉన్న ఆమె తండ్రి మునివెంకటప్పకూ మాటలు లేకుండా పోయాయి. గృహప్రవేశం రోజు ఆయన తొట్టిని ఎగాదిగా చూసి, "బోర్లు ఎండిపోయి మేం వానకోసరం మోడం దిక్కు చూస్తాంటే, ఈడ చేపలకి మేడలు కట్టినారా?" అన్నాడు. "నీ పట్టుపురుగుల తట్టల మధ్య నేను ఇరవై ఏండ్లు పండుకోలేదా నాయనా? నా చేపలకి ఒక మూల ఉంటే తప్పా?" అంది నేత్ర. ఆయన విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఏడాది కావస్తున్నా ఇద్దరిలో ఎవరూ మెత్తబడలేదు.

చిట్టెమ్మ అన్నది నిజానికి నేత్ర ముద్దుపేరు. తండ్రి ఆమెను పుట్టినప్పటి నుంచీ అట్లాగే పిలిచేవాడు. ఆ పేరు చేపకు ఎందుకు పెట్టావని అమరనాథ్ ఒకసారి అడిగితే, నేత్ర జవాబు చెప్పకుండా కూరలోకి ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఇంటికి వచ్చి అతను చేపను గాజు గిన్నెలోకి మార్చాడు. అది అడుగున పడి, ఉబ్బిన కడుపుతో మొప్పలు ఎగరేస్తూ ఉంది. నేత్ర రోజూ బడి నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా దానితో మాట్లాడుతుంది. అట్లాంటి చేప తన చేతుల్లో పోతే సాయంత్రం ఆమె ముఖం చూడడం ఎట్లాగో అతనికి తోచలేదు. తను పనిచేసే పాల సంఘం మేనేజరు బయ్యప్పకు ఫోను చేశాడు.

"సార్, ఈ పొద్దు రాలేను. చిట్టెమ్మకి బాగలేదు."

బయ్యప్ప భార్య అక్కయమ్మ పుట్టిల్లు పాతపాళ్యే. నేత్రను చంకనెత్తుకుని తిప్పిన మనిషి. చిట్టెమ్మంటే ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"అయ్యో, చిట్టెమ్మకి ఏమైందప్పా?" అన్నాడు బయ్యప్ప, ఫోను స్పీకర్లో పెట్టి.

"కడుపు ఉబ్బుకోనుండాది సార్. ఏమీ తింటాలేదు. ఇప్పుడే నీళ్లు పోసి, గదిలో వేరేగా పెట్టినా."

వంటింట్లో మిక్సీ తిప్పుతున్న అక్కయమ్మ చెవిన మూడు మాటలే పడ్డాయి. చిట్టెమ్మ, కడుపు, నీళ్లు పోసి. ఆడపిల్ల నీళ్లు పోసుకుందంటే కడుపుతో ఉందనే కదా అర్థం. మిక్సీలో చట్నీ నలగకముందే వార్త పాతపాళ్యకు చేరింది.

ఇదేమీ తెలియని అమరనాథ్ బజారు వీధిలో చేపలు అమ్మే అంగడికి పరుగెత్తాడు. అంగడాయన కొత్త తొట్టి తుడుస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "వెలుతురు తగలనీకు. జనాన్ని దగ్గరికి రానీకు, బెదిరిపోతాది. బతికితే బతుకుతాది. లేదంటే ఇంకోటి తీసకపో, మంచిది చూసి ఇస్తా."

అంగడి మెట్లు దిగుతుండగా ఫోను మోగింది. మామ పేరు చూసి అమరనాథ్ గబుక్కున ఎత్తాడు. ఏడాది తర్వాత ఆయన చేసిన మొదటి ఫోను అది.

"అల్లుడా, చిట్టెమ్మ ఎట్లుండాది?" మునివెంకటప్ప పలకరింపైనా లేకుండా అడిగాడు.

నేత్రే బస్సులోంచి తండ్రికి చెప్పుకుని ఉంటుందని, చేప పుణ్యాన ఇద్దరూ కలిశారని అమరనాథ్ సంతోషపడ్డాడు. "ఏం చెప్పేది మామా. నిన్నట్నుంచి మూలన పడుండాది. లేస్తాలేదు, తింటాలేదు."

"డాక్టరు దగ్గరికి పిల్చకపోయినావా?"

"దానికి డాక్టరు యాడుంటాడు మామా? ఉప్పునీళ్లలో పెట్టినా. అంగిట్లో కూడా అడిగినా."

"అంగిట్లో ఏమన్నారు?"

"బతికితే బతుకుతాది, లేదంటే ఇంకోటి తీసకపొమ్మన్నారు. చూసి మంచిది ఇస్తాడంట."

ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. చేప మీద మామకు ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందని అమరనాథ్ ఆశ్చర్యపోయాడు.

ఇల్లు చేరేసరికి పూలు, పసుపు కుంకుమలు పట్టుకుని అక్కయమ్మ వాకిట్లో నిలబడి ఉంది. అతను ఆమెను హాల్లో కూర్చోబెట్టి, పడకగది తలుపు మూసి, దానికి అడ్డంగా నిలుచున్నాడు.

"ఒక్కసారి చూసొస్తా, జరుగప్పా," అంది ఆమె.

"వద్దు పిన్నమ్మా. మనుషుల్ని చూస్తే బెదురుతాది. చీకట్లో ఉండనీ."

అక్కయమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసి, పూలు పక్కన పెట్టి, బయటికి వెళ్లి పాతపాళ్యకు మళ్లీ ఫోను చేసింది. పిల్లను చీకటి గదిలో పెట్టి తలుపు మూసినాడని చెప్పింది. ఆ మాటా అబద్ధం కాదు.

మధ్యాహ్నానికి టమాటాలు తోలే గూడ్సు బండి ఒకటి ఇంటి ముందు కీచుమని ఆగింది. ముందు మునివెంకటప్ప దిగాడు. ఆయన వెనక ఒక చేత్తో చింతకాయ తొక్కు జాడీ, ఇంకో చేత్తో రాగిపిండి సంచి పట్టుకుని ఆయన భార్య మునిలక్ష్మమ్మ దిగింది. ఆయన అల్లుణ్ణి పలకరించలేదు. భుజంతో పక్కకు తోసి తలుపు తీశాడు.

మంచం మీద ఎవరూ లేరు. బల్లమీద గిన్నె, దాని మీద నేత్ర పాత చున్నీ. ఆయన చున్నీ తీశాడు. నల్లచేప ఒకటి ఆయన్ను చూసి అవతలి పక్కకు జరిగింది.

"నా బిడ్డ యాడ?"

"తరబేతికి చిక్కబళ్లాపురం పోయింది మామా."

"మరి చిట్టెమ్మకి బాగలేదంటివే."

"ఇదే మామా చిట్టెమ్మ."

మునివెంకటప్ప మంచం అంచున కూలబడ్డాడు. నేత్ర బాగుందన్న ఊరట ముందు వచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. "నా బిడ్డ పేరు చేపకి పెట్టినారా?"

"నేను పెట్టలేదు మామా," అన్నాడు అమరనాథ్ మెల్లగా. "ఎందుకు పెట్టిందో చెప్పలేదు కూడా. మీరు మాట్లాడేది నిలిపినంక, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఈ ఇంట్లో ఎవురుండారు? తనే పెట్టుకొని తనే పిలుచుకుంటాండాది."

మునివెంకటప్ప భుజం మీది తువ్వాలు తీసి చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు. చెమట అంతగా లేదు. అక్కయమ్మ గోడమీది క్యాలెండరును శ్రద్ధగా చదవసాగింది.

మునిలక్ష్మమ్మ మాత్రం గిన్నెలోకి వంగి చూస్తూ ఉంది. "రోగమా, పాడా," అంది చివరికి. "నొప్పులు పడతాండాదప్పా ఇది."

ఆమె మాట పూర్తి కాకముందే చేప వెనక నుంచి ఆవగింజకు కళ్లు మొలిచినట్టున్న పిల్ల ఒకటి జారి, కాసేపు ముడుచుకుని, సాగి ఈదింది. తర్వాత ఇంకొకటి. అమరనాథ్ అంగడికి ఫోను చేశాడు.

"మాలీ కదప్పా, అది గుడ్లు పెట్టదు, పిల్లలే," అన్నాడు అంగడాయన తీరిగ్గా. "వాటిని తీసి వేరే పెట్టు. లేకుంటే తల్లే మింగుతాది."

"మింగుతాదా?" మునివెంకటప్ప దిగ్గున లేచాడు. "చూస్తా నిలబడినారేమి? జల్లెడ తేండి."

టీ వడపోసే జల్లెడ తెచ్చిచ్చారు. ఆయన గిన్నెను నేలమీదికి దింపించుకుని, గొంతుక్కూర్చుని, పుట్టినదాన్ని పుట్టినట్టే ఎత్తి పక్కనున్న చెంబులోకి వదలసాగాడు. మధ్యలో మునిలక్ష్మమ్మ రాగి సంగటి చేసి పిలిస్తే, ఇప్పుడు లేచేదానికి లేదన్నాడు.

సాయంత్రం నేత్ర వచ్చేసరికి వాకిట్లో గూడ్సు బండి, గడప ముందు ఇంతమంది చెప్పులు. ఆమె చేతిసంచి ఎక్కడ పడేసిందో తెలియకుండా లోపలికి పరుగెత్తుకొచ్చింది.

గదిలో చీకటిగా ఉంది. ఫోను వెలుతురులో తండ్రి వీపు కనిపించింది. ఆయన తల తిప్పలేదు. "చిట్టెమ్మా, లైటెయ్యొద్దు. నిదానంగా రా. ఇంకా రెండు లోపలే ఉన్నట్లుండాయి."

నేత్ర గడప దగ్గరే ఆగిపోయింది. "నన్నా నాయనా పిలిచింది, దాన్నా?"

"దాన్ని పిలిస్తే గిన్నె దిగొస్తాదా? నిన్నే. ఈ జల్లెడ పట్టుకో, నడుము పట్టేసింది."

ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుని జల్లెడ అందుకుంది. ఆయన చెయ్యి ఆమె తల మీద ఒక్క క్షణం ఆగి, మళ్లీ చెంబు పట్టుకుంది.

హాల్లో అక్కయమ్మ పొద్దుటి నుంచి ఎవరెవరికి చెప్పిందో గుర్తు చేసుకుంటూ, వార్త దిద్దడానికి ఒక్కొక్కరికే మళ్లీ ఫోన్లు చేస్తూ కూర్చుంది. "కడుపుతో ఉండేది చిట్టెమ్మ కాదు, చిట్టెమ్మ," అని ఆమె ఎంత విడమరిచి చెప్పినా ఎవరికీ తలకెక్కలేదు. విసుగొచ్చి, చిట్టెమ్మకు పద్దెనిమిది మంది పిల్లలు పుట్టారని, తాత దగ్గరుండి చూసుకుంటున్నాడని చెప్పేసింది.

పాతపాళ్యలో అంతమందా అని అడిగినవాళ్లు ఉన్నారు గాని, ఎట్లా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.