గుమ్మానికి బ్రొమీలియాడ్

నాంపల్లిలోని ఒక అపార్ట్‌మెంటులో తమ బాల్కనీని ఇకమీదట ఉద్యానవనంగా భావించవలసిందని రాంచందర్ గారు స్వయంగా ప్రకటించారు. అందులో పెరిగేవి బ్రొమీలియాడ్లు. అనాసపండు నెత్తిమీది ఆకులకు రంగులేస్తే ఎట్లా ఉంటాయో అట్లా ఉంటాయి. ఆబిడ్స్‌కు చొక్కా కొనడానికి పోయినా ఆయన మొక్కతోనే తిరిగొచ్చేవారు.

భార్య సునంద ఆ రంగులు చూడలేదు. ఆకుల నడుమ గుంట, గుంటలో నీళ్లు, నీళ్లలో దోమ, దోమలో డెంగీ, దవాఖానలో కూతురు భవ్యశ్రీ... అంతదూరం చూసింది. భవ్యశ్రీ ఒకసారి తుమ్మింది. పోపు ఘాటుకని పిల్ల మొత్తుకున్నా రక్తపరీక్ష చేయించింది. ఏమీ లేదని తేలితే, మరి తుమ్మెందుకు వచ్చిందని ఇంకా భయపడింది. చివరికి మొగుడి మీద తానే అపార్ట్‌మెంటు కమిటీకి ఫిర్యాదు చేసింది.

అధ్యక్షులు బాలకిషన్ గారు, రిటైరైన సైన్సు మాస్టారు, మెట్ల దగ్గర సభ పెట్టారు. "ప్రజారోగ్యం దృష్ట్యా, సైన్సు దృష్ట్యా, ఆదివారంలోపల మొక్కలు పోవాలె. నీళ్లు నిలిస్తే ఊకునేది లేదు!"

రాంచందర్ గారికి అన్నం సయించలేదు. పెంచిన చేత్తో పారేయలేక, మట్టి లేకున్నా బతికే ఆ మొక్కలన్నిటినీ కుండీల్లోంచి తీసి, తాళ్లు కట్టి, గుమ్మంపైన తలకిందులుగా వేలాడదీశారు. ఇక నీళ్లు ఎట్లా నిలుస్తాయి?

ఆదివారం కమిటీ వచ్చింది. పీకడానికి ఎత్తిన బాలకిషన్ గారి చెయ్యి గాలిలోనే ఆగింది. గుమ్మానికి తలకిందులుగా ఆకుల గుత్తి! కలబంద కట్టని ఇల్లు మనలో ఎవరిది?

"ఏంది రాంచందర్, దిష్టికి కట్టినవా?"

"కాదు సార్, ఉత్త అలంకారం మొక్క. నీళ్లు నిలవకుంట గట్ల కట్టిన."

"కట్టినోళ్లు గట్లనే అంటరు." ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "గింత ఖరీదైంది కట్టినవంటే ఎంత దిష్టి ఉన్నదో! నువ్వే తియ్యి."

అందరూ తనవైపు చూడగానే కోశాధికారి రజని గారికి భుజం నొప్పి మొదలైంది.

సునందకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. డెంగీకి దవాఖానన్నా ఉంది, దిష్టికి ఏముంది? "ముట్టకుండ్రి సార్! పిల్ల ఉన్న ఇల్లు!" అని గుమ్మానికి అడ్డం నిలబడింది.

మొక్కలు ఉండవచ్చునని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మెట్లు దిగిన సైన్సు మాస్టారు మళ్లీ ఎక్కి వచ్చారు. "చెల్లె, ఒక పిలక ఉంటే జర..."

ఇప్పుడు అన్ని గుమ్మాలకూ పిలకలు వేలాడుతున్నాయి. రాంచందర్ గారు ఇంటింటికీ తిరిగి నీళ్లు చిలకరిస్తున్నారు. తాడు తెగి పిల్ల నెత్తిన పడుతుందేమోనని సునంద భయం. బయటివాళ్లెవరినీ వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. మెట్లమీద ఎదురయ్యేది మనకు మనమే. అయినా ఇంతకూ దిష్టి ఎవరిదని ఒక్కరూ అడగలేదు. "బాగున్నరా?" అని నవ్వుతూ పలకరించుకుని, ఎవరి తలుపు వాళ్లం గట్టిగా వేసుకుంటున్నాం.