తౌనో వేసిన వంకర బాట

పొద్దున్నే కాఫీ తాగుతూ తౌనో వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళి మంచుకు బెజ్జం పెట్టాలి, నాలుగు చేపలు పట్టాలి, రాత్రికి బావ కౌకోకి సూప్ చేయించి పెట్టాలి. కౌకో ప్రతి శీతాకాలం వస్తాడు. చెంచా నోట్లో పెట్టుకోకముందే, "ఏ కొట్లో పట్టావు బావా ఈ చేపల్ని?" అంటాడు. ఈసారైనా ఆ నోరు మూయించకపోతే తౌనోకి బతుకు రుచించదు.

హెల్సింకీ నుంచి వచ్చిన మనవరాలు విల్యా తోడు బయల్దేరింది. కాళ్ళ కింద పరుచుకోవడానికి ఓ బండెడు స్ప్రూస్ చెట్టు కొమ్మలు కూడా లాక్కొచ్చింది.

మొదటి బెజ్జంలో చేప లేదు. రెండోదాంట్లోనూ లేదు.

"తాతయ్యా, ఎక్కడెక్కడ చూశామో గుర్తుంటుందా?"

"నాకు గుర్తుంటుందిలే," అన్నాడు తౌనో, తల తిప్పకుండా.

విల్యాకి నమ్మకం కుదరలేదు. బెజ్జానికో కొమ్మ పాతింది. ఇంకొన్ని మధ్యమధ్యలో పాతుకుంటూ ఇంటి ఒడ్డుదాకా వెళ్ళొచ్చింది. ఆ ఊళ్ళో మంచు మీద కొమ్మ పాతి ఉందంటే ఒకటే అర్థం: ఇటే నడవండి, ఇక్కడ మంచు గట్టిది. పట్నం పిల్లకి ఆ సంగతి తెలీదు.

ముందు ఐలి ముసలమ్మ, కాలితో నెట్టుకుంటూ మంచు మీద జారే బండెక్కి వచ్చి, బెజ్జాన్ని రాసుకుంటూ పోయింది. వెనకే స్కీల మీద పోస్ట్‌మాన్. ఆ వెనక టీచరమ్మ, పిల్లల మందతో. అడుగున ఉన్న ఒకటీ అరా చేపలు కూడా పారిపోయాయి. ఇంత సరస్సుండగా వీళ్ళందరికీ తన పక్కనే ఏం పని? తౌనోకి బుర్ర తిరిగిపోయింది. అడుగుదామంటే ఆ ఊళ్ళో ఒకరి సంగతి ఒకరు అడగరు. లేచి, అటు ఒడ్డు వైపు దూరంగా పోయి మరో బెజ్జం వేశాడు. విల్యా అక్కడికీ కొమ్మలు పాతుకుంటూ వచ్చింది. జనం అక్కడికీ వచ్చారు. అలా బెజ్జం తర్వాత బెజ్జం వేస్తూ ఇద్దరూ అటు ఒడ్డుదాకా పోయారు.

"వీళ్ళు నా వెంట పడ్డారేంటే?"

"నువ్వంటే ఇష్టమేమో తాతయ్యా."

"ఈ ఊళ్ళో ఎవరూ ఎవరినీ ఇంత ఇష్టపడరు."

పొద్దు వాలేసరికి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. దక్కింది వేలెడు చేప ఒక్కటి. తలలు వంచుకుని ఇంటి ఒడ్డుకి చేరేసరికి, తనూ తిరిగొస్తున్న ఐలి బండి ఆపింది.

"ఈ ఏడు బాట తొందరగా వేశావు తౌనో, సంతోషం. కానీ తాగి వేశావా ఏంటి? ఇన్ని వంకరలు!"

పొద్దుణ్ణుంచీ బెజ్జాల మీంచి చూపు తిప్పని తౌనో అప్పుడు వెనక్కి తిరిగాడు. అటు ఒడ్డు నుంచి తన కాళ్ళదాకా కొమ్మలు పాములా మెలికలు తిరిగి ఉన్నాయి. విల్యా తమ ఖాళీ బండి వైపు చూసింది.

"గుర్తు కోసమని..."

పిల్ల మీద కోపం రాలేదు గానీ, రాత్రికి కౌకో వస్తాడని గుర్తొచ్చింది.

తౌనో భార్య హెల్మి ఆ వేలెడు చేపకి బోలెడు బంగాళాదుంపలు కలిపి సూప్ కాచింది. అటు ఒడ్డు నుంచి రావాల్సిన కౌకో బాగా ఆలస్యంగా వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ఆకలి మీద ఏమీ అడగకుండా ఒక గిన్నె ఖాళీ చేసి, రెండోది అందుకున్నాడు.

"చేప దివ్యంగా ఉంది బావా. ఆ బాట వేసిన వెధవెవడో గానీ, మీ ఇంటి దీపం ఎదురుగా కనిపిస్తూనే ఉంది, ఎంత నడిచినా రాదే!"

విల్యా పాలగ్లాసు వెనక మొహం దాచుకుంది.

"కొమ్మలొదిలేసి సూటిగా రాకపోయావా అన్నయ్యా?" అంది హెల్మి.

"కొమ్మలొదిలేసా? మంచు మీదా?" కౌకో హడలిపోయాడు. "రేపు వెళ్ళేప్పుడూ అదే దారా బావా?"

"అదే," అన్నాడు తౌనో, రొట్టెకి వెన్న రాస్తూ.

మర్నాడు తెల్లవారకముందే తాతా మనవరాలూ బాటకి ఇంకొన్ని వంకరలు చేర్చడానికి ఇంకో బండెడు కొమ్మలు సరస్సు మీదికి లాక్కెళ్ళారు.