గుడ్లగూబల గోలీ

మంగళవారం పొద్దున్నే లెంపి కంగస్ ఒక కాఫీ డబ్బా గుండెకి హత్తుకుని, ఐసు మీద హాకీ ఆడే రింకుకి వెళ్ళిందనీ, తిరిగొచ్చేటప్పుడు చేతులు ఖాళీగా ఉన్నాయనీ పక్కింటి హిల్మా చెప్పింది. చెప్పింది రొట్టెల కొట్లో. అక్కడినుంచి ఆ మాట క్షవరం షాపుకీ, చర్చికీ వెళ్ళింది. మధ్యాహ్నానికల్లా డబ్బాలో ఉన్నది ఆమె భర్త అర్వీ అని గ్రేస్టోన్ ఊరంతా తెలిసిపోయింది.

హిల్మా చెప్పినవాటిలో అదొక్కటి నిజం. అర్వీ ఆ ఆకురాలు కాలంలోనే పోయాడు. తన బూడిద ఉత్తరం వైపు గోలు ముందు ఐసు కింద పొయ్యమని అడిగి మరీ పోయాడు. ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు. ఏటా ఒకరిద్దరు అలా ఐసు కింద చేరేవారు. వేసవిలో ఐసు కరిగాక వాళ్ళు ఎక్కడికి పోయేవారో రింకు చూసుకునే డెల్బర్ట్ రూలో అనే అతన్ని ఎవరూ అడగలేదు. ఎర్ర గీతలు వేయడం అయిపోయాక డెల్బర్ట్ బూడిద చల్లి, దానిమీద వేడినీళ్ళు పలచగా నాలుగు పొరలు పోశాడు.

అర్వీ ఒకప్పుడు గ్రేస్టోన్ గుడ్లగూబలు అనే హాకీ జట్టుకి గోలు కాసే గోలీ. శవపేటికల ఫ్యాక్టరీ యజమాని పెట్టిన జట్టది. పొరుగూళ్ళకి ఆటకి వెళ్ళాలంటే పేటికలు చేరవేసే బండిలోనే వెళ్ళేవారు. జట్టు పెట్టిన తొమ్మిదో ఏడు జనవరిలో యజమాని గుండె ఆగింది, దాంతోపాటు జట్టూ ఆగింది. ఇదంతా జరిగి ముప్ఫై ఏళ్ళు. గెలుపోటములు రాసిన పుస్తకం ఏమైందో తెలియదు గనక, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకునేవారు.

ఆ శనివారం సాయంత్రం పాత గుడ్లగూబల చొక్కాలు తొడుక్కుని ఊరి కుర్రకారు పొరుగూరు పోర్ట్ అడెలిన్ వాళ్ళతో ఆడాలి. రింకు కరెంటు బిల్లు చూసి బెంబేలెత్తిన ఊరిపెద్ద వెర్నా ట్రెజోనా ముందే తేల్చి చెప్పింది. ఆట జరిగి జనం నిండితే సరే, లేకపోతే ఆ సాయంత్రమే ఐసు మిషను ఆపేస్తానంది. ఆ మిషను వయసు నలభై. ఒకసారి ఆపితే మళ్ళీ లేవదని డెల్బర్ట్‌కి తెలుసు.

బుధవారం సాధనలో కుళాయిలు బాగుచేసే గస్ పెల్కీ, ఖాళీగా ఉన్న ఉత్తరం గోలు మీదికి, ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళని బలంగా కొట్టాడు. బిళ్ళ సూటిగా వెళ్ళి గోలు గీతకి జానెడు దూరంలో ఆగింది. మెల్లగా కాదు, చటుక్కున.

"ఎవడ్రా పట్టుకుంది?" అన్నాడు గస్. ఆ వైపు ఎవరూ లేరు.

డెల్బర్ట్ ఐసు చెక్కి, మట్టం పెట్టి చూశాడు. మట్టంలో బుడగ మధ్యలోంచి కదల్లేదు, ఐసు సమంగానే ఉంది. ఇంకో పొర నీళ్ళు పోశాడు. గురువారం బిళ్ళ గీతకి మూరెడు దూరంలోనే ఆగిపోయింది.

"ముందుకొస్తున్నాడన్నా," అన్నాడు గస్ గొంతు తగ్గించి. "మంచి గోలీ ఎవడైనా అంతే. కొట్టేవాడికి సందివ్వకుండా ముందుకొస్తాడు."

"నోర్ముయ్. ఐసు పదునెక్కలేదు, అంతే."

శుక్రవారం పొద్దున డెల్బర్ట్ తలుపు తీసేసరికి గోలు ముందు అటూ ఇటూ గీరిన గీతలు తాజాగా ఉన్నాయి. ఆటకి ముందు గోలీలు కాళ్ళతో అలాగే గీరుకుంటారు. డెల్బర్ట్ తలుపు మళ్ళీ వేసి, బయట బల్ల మీద కూర్చుని రెండు కప్పుల కాఫీ తాగాడు. లోపల గీరుతున్న చప్పుడు ఆగాకే లేచాడు.

ఈలోగా ఊరు ఊరుకుందా? అర్వీ ఒక ఆటలో అరవై బిళ్ళలు ఆపాడని హిల్మా అంది. కళ్ళకి గంతలు కట్టుకుని ఆపాడని క్షవరం షాపతను అన్నాడు. టిక్కెట్లన్నీ అయిపోయాయి. వెర్నా మొహం వికసించింది. సరిగ్గా అప్పుడే పోర్ట్ అడెలిన్ కోచ్ ఫోన్ చేశాడు.

"మీవాళ్ళు ఆరుగురు ఉండాల్సిన చోట ఏడుగురు ఉన్నారంట. ఎక్కువమంది దిగితే శిక్ష ఉందమ్మా."

"ఆయన చనిపోయారండీ!"

"చనిపోతే మాత్రం ఆపడం మానట్లేదుగా! ఆయన్ని తీయండి. లేదంటే మేం బండెక్కం."

వెర్నా ఫోన్ పెట్టేసి డెల్బర్ట్‌ని పిలిచింది. "రేపు సాయంత్రానికి ఆయనన్నా వెళ్ళాలి, ఐసన్నా వెళ్ళాలి. నువ్వే చూసుకో."

డెల్బర్ట్ రాత్రంతా ఆలోచించాడు. బతికున్నన్నాళ్ళూ అర్వీ మాట విన్నది ఒక్క పెళ్ళానిదే. శనివారం పొద్దున లెంపి ఇంటికి వెళ్ళి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, ఒక్కసారి వచ్చి పక్కకి జరగమని చెప్పవా? నీ మాటైతే వింటాడు."

"ఎవరు?"

"అర్వీయే."

లెంపి పొయ్యి మీద కాఫీ దించి, కోటు తొడుక్కుంది. ఆమె వెనక హిల్మా, హిల్మా వెనక ఊరు. లెంపి రింకు మెట్ల మీద మూడో వరసలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంది.

"కొట్టు," అంది గస్‌తో.

గస్ కొట్టాడు. బిళ్ళ ఆగింది. రెండోది కూడా ఆగింది. మూడోది పక్కనుంచి, పైకి లేచేట్టు కొట్టాడు. గాల్లో గోలీ తోలు తొడుగు మీద తగిలినట్టు చప్పుడైంది. బిళ్ళ తిరిగొచ్చి గస్ కాళ్ళ దగ్గర పడింది. మెట్ల మీద ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. డెల్బర్ట్ కళ్ళు చెమర్చాయి.

"ఎంత గోలీ వదినా! పోయినా పని మానలేదు. ఒక్క మాట చెప్పు, నా ఐసు నిలబెట్టు."

లెంపి గోలు వైపు చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి మడిచింది.

"మీకు నోళ్ళున్నాయి గానీ జ్ఞాపకాల్లేవు. తొమ్మిదేళ్ళు ఇక్కడే కూర్చుని చూశాను. మా ఆయన ఒక్కటంటే ఒక్కటి ఆపలేదు. ఇతనెవరో నాకు తెలీదు, డెల్బర్ట్."